క్రైస్తవాన్ని మార్చింది కాన్‌స్టంటైనా, బాప్తిస్మం తర్వాత చేసిన పాపమా?

పాతపుస్తకం (చర్చ మొదలుపెట్టినది)

మొన్న ఆదివారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. "క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో సభ పెట్టి బైబిల్ తయారుచేయించాడు, ఆరాధన దినాన్ని ఆదివారానికి మార్చాడు, ఆ రోజుతో అసలు క్రైస్తవం పోయింది" అని దాని సారాంశం. కింద గొడవ. ఒకరు నమ్మారు, ఒకరు తిట్టారు, ఇద్దరు గ్రూపులోంచే వెళ్ళిపోయారు. నాకు బాధేసింది. ఎందుకంటే దాని వెనకున్న ప్రశ్న చాలా మంచిది. పేతురు, పౌలుల కాలంలో ఇళ్ళల్లో కూడుకున్న చిన్న గుంపులు వెయ్యేళ్ళు తిరిగేసరికి రాతి గోపురాలు, మఠాలు, పునీతుల ఎముకలు, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), చనిపోయినవారి కోసం పూజలు ఉన్న మతం ఎలా అయ్యాయి?

ముందు ఫార్వర్డ్ సంగతి తేల్చేద్దాం. నైసియా సభ బైబిల్ పుస్తకాల జోలికి పోలేదు. అక్కడ నలిగింది కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్న ఏరియస్ వివాదం, ఈస్టర్ తేదీ, బిషప్పుల క్రమశిక్షణ. మనం ఇప్పుడు చదివే 27 కొత్త నిబంధన పుస్తకాల పట్టీ ఉన్నదున్నట్టు కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో. ఇక ఆదివారం కూడిక గురించి 150 ప్రాంతంలోనే రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత వివరంగా రాశాడు. 321లో కాన్‌స్టంటైన్ చేసిందల్లా ఆ రోజు న్యాయస్థానాలకూ పట్నాల్లో పనులకూ సెలవు ఇవ్వడం. రైతులకు ఆ సెలవు కూడా వర్తించలేదు, అదను తప్పితే పంట పోతుందని ఆ చట్టంలోనే ఉంది.

ఇప్పుడు నా వాదన. మార్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే రాజుల వైపు కాదు, ఒక చిన్న ప్రశ్న వైపు చూడాలి: బాప్తిస్మం తీసుకున్నాక మనిషి ఘోరమైన పాపం చేస్తే వాడి గతి ఏమిటి?

కాన్‌స్టంటైన్‌నే తీసుకోండి. 312లో మిల్వియన్ వంతెన యుద్ధం గెలిచి క్రీస్తు వైపు తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్నది మాత్రం 337లో, మంచం పట్టాక, చావుకి కొద్ది రోజుల ముందు. పాతికేళ్ళు ఎందుకు ఆగాడు? ఆయనొక్కడే కాదు, ఆ కాలంలో చాలామంది అలాగే ఆగేవారు. తర్వాత ఆఫ్రికాలో బిషప్ అయిన అగస్టీన్ చిన్నప్పుడు కడుపునొప్పితో చావుదాకా వెళ్తే బాప్తిస్మం ఇప్పించడానికి అన్నీ సిద్ధం చేశారు, పిల్లాడు తేరుకోగానే మళ్ళీ వాయిదా వేశారు. "పోనీలే, చేయనీ, ఇంకా బాప్తిస్మం కాలేదుగా" అని జనం మామూలుగా అనుకునేవారని ఆయనే రాసుకున్నాడు.

కారణం ఇది. బాప్తిస్మం అప్పటివరకు చేసిన పాపాలన్నిటినీ కడిగేస్తుంది. ఆ తర్వాత హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని వదిలేయడం లాంటివి జరిగితే జీవితంలో ఒకే ఒక్క అవకాశం. అది కూడా అందరి ముందూ. రోమ్‌లో ఫబియోలా అనే గొప్పింటి ఆడమనిషి ఉండేది. మొదటి భర్త వ్యభిచారి అని వదిలేసి రెండో పెళ్ళి చేసుకుంది. రెండో భర్త కూడా పోయాక, ఈస్టర్ ముందు రోజు లాటెరన్ చర్చి దగ్గర గోనెపట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని, పశ్చాత్తాపపడేవాళ్ళ వరుసలో నిలబడింది. బిషప్, పెద్దలు, జనం అందరూ ఆమెతోపాటు ఏడ్చారని ఆ కాలపు క్రైస్తవ పండితుడు జెరోమ్ రాశాడు. ఆమె 399లో చనిపోయింది.

ఆ ప్రాయశ్చిత్తం అయిపోయాక కూడా మనిషి మామూలు బతుక్కి రాలేడు. సైన్యంలో చేరకూడదు, వ్యాపారం అనుమానమే, దాంపత్యం మానాలి, చర్చిలో గురువు పదవి ఎప్పటికీ లేదు. అందుకని 538లో ఓర్లియాన్స్ సభ, వయసులో ఉన్నవాళ్ళకి ప్రాయశ్చిత్తం ఇవ్వొద్దు, పెళ్ళైనవాళ్ళయితే ఇద్దరూ ఒప్పుకుంటేనే ఇవ్వండి అని చెప్పాల్సి వచ్చింది. ఆర్ల్ బిషప్ సీజేరియస్ ప్రసంగాల్లో ఒక మామూలు మనిషి గొంతు వినిపిస్తుంది: సైన్యంలో ఉన్నాను, పెళ్ళాం ఉంది, నేనెలా ప్రాయశ్చిత్తం చేయను? చివరికి అది చావు మంచం మీద తీసుకునే మందు అయిపోయింది.

దారి చూపించింది ఐర్లండ్. రోమ్ సామ్రాజ్యం ఎన్నడూ పాలించని దీవి, పట్నాలు లేవు, ఉన్నవి మఠాలు. అక్కడ సన్యాసులకి ఒక్కొక్కరికీ ఒక ఆత్మమిత్రుడు ఉండేవాడు. తప్పు జరిగిందా, వెళ్ళి ఆయనకి చెప్పుకోవడం, ఆయన ఇచ్చిన ఉపవాసం చేయడం, మళ్ళీ తప్పితే మళ్ళీ వెళ్ళడం. ఏ పాపానికి ఎన్నాళ్ళు రొట్టె, నీళ్ళ మీద ఉండాలో చిన్న చిన్న పుస్తకాల్లో రాసుకున్నారు. 590 ప్రాంతంలో కొలంబానస్ ఆ పద్ధతిని గాల్ దేశానికి, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌కి మోసుకొచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 589లో, స్పెయిన్‌లో టొలేడో సభ "పాపం చేసినప్పుడల్లా వచ్చి క్షమాపణ అడుగుతున్నారు, ఇదేం అసహ్యం" అని మండిపడింది. అరవయ్యేళ్ళు తిరిగేసరికి, 650 ప్రాంతంలో, చాలోన్‌లో కూడిన బిషప్పులు ప్రాయశ్చిత్తం ఆత్మకు ఔషధం, అందరికీ మంచిది అని తీర్మానించారు.

నన్నడిగితే ప్రాచీన క్రైస్తవం మధ్యయుగ క్రైస్తవంగా మారింది 325లో కాదు, ఆ అరవయ్యేళ్ళలో. ఒప్పుకోనివాళ్ళు చెప్పండి.

కృష్ణాతీరం

పాతపుస్తకం గారూ, ఫార్వర్డ్‌ని సరిచేసినందుకు థాంక్స్. కానీ మీరు ఒక తప్పును సరిచేస్తూ అసలు నిజాన్ని పక్కకి నెట్టేస్తున్నారు.

కాన్‌స్టంటైన్ బైబిల్ రాయించకపోవచ్చు. కానీ బిషప్ అనే మనిషిని మార్చేశాడు. 313 తర్వాత క్రైస్తవ గురువులకు ఊరి పన్నుల వసూళ్ళు, ప్రజాపనులు లాంటి బరువైన బాధ్యతల నుంచి మినహాయింపు దొరికింది. వెంటనే డబ్బున్నవాళ్ళు గురువులవ్వడానికి ఎగబడితే ఆయనే మళ్ళీ దానికి అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. బిషప్ ఇచ్చే తీర్పుకి న్యాయస్థానం తీర్పంత విలువ వచ్చింది. రాజధానిలో రాజభవనం పక్కన మహా చర్చిలు లేచాయి. 380లో థియోడోసియస్ శాసనంతో నైసియా విశ్వాసమే ప్రభుత్వ విశ్వాసం. మరో పదేళ్ళకి పాత దేవుళ్ళకి బలులు నిషేధం.

ఇక రక్తం సంగతి. 385 ప్రాంతంలో ట్రియర్ నగరంలో ప్రిసిలియన్ అనే స్పెయిన్ బిషప్‌ని, ఆయన అనుచరులని మరణశిక్ష వేసి చంపారు. నేరం మంత్రతంత్రాలని రాశారు, కానీ ఫిర్యాదు చేసింది తోటి బిషప్పులు. డెబ్బై ఏళ్ళ ముందు తామే సింహాల నోట్లో పడ్డ సంఘం! ఆఫ్రికాలో విడిపోయి వేరే సంఘంగా ఉన్న డోనాటస్ వర్గాన్ని దారికి తేవడానికి మొదట మాటలే చాలన్న అగస్టీన్, తర్వాత "లోపలికి వచ్చుటకు బలవంతము చేయుము" అన్న లూకా వాక్యాన్ని ప్రభుత్వ శిక్షలకు ఆధారంగా చూపించాడు. అక్కడినుంచి ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాకా గీత తిన్నగా ఉంది. 782లో వెర్డెన్ దగ్గర 4,500 మంది సాక్సన్లని చంపించాడని ఆయన ఆస్థాన చరిత్రలే చెబుతున్నాయి. బాప్తిస్మం వద్దని దాక్కున్న సాక్సన్‌కి మరణశిక్ష అని చట్టం రాశాడు.

మీ ప్రశ్నకి కూడా జవాబు ఇక్కడే ఉంది. బాప్తిస్మం తర్వాత పాపం అంత పెద్ద సమస్య ఎందుకయింది? ఊళ్ళకి ఊళ్ళు చేరిపోయాయి కాబట్టి. ఎందుకు చేరాయి? చక్రవర్తి మతం అదే కాబట్టి. మీరు చెట్టు కొమ్మల గురించి మాట్లాడుతున్నారు, వేరు రాజు దగ్గరుంది.

తూర్పుగాలి

కృష్ణాతీరం గారి వాదన బలంగానే ఉంది. కానీ మీరిద్దరూ రోమ్ సామ్రాజ్యం లోపలే తిరుగుతున్నారు. ఒక్కసారి సరిహద్దు దాటి చూడండి.

యూఫ్రటీస్ అవతల పర్షియా సామ్రాజ్యంలో కూడా పెద్ద క్రైస్తవ సంఘం ఉంది. వాళ్ళకి కాన్‌స్టంటైన్ లేడు. పైగా కాన్‌స్టంటైన్ వల్ల వాళ్ళకి కష్టాలొచ్చాయి. శత్రు రాజు మతం వీళ్ళ మతం ఒకటే అయ్యేసరికి, 340 ప్రాంతం నుంచి రెండో షాపూర్ రాజు వాళ్ళని అనుమానించి వేటాడాడు. రాజధాని బిషప్ షిమోన్‌ని చంపించాడు. 410లో గానీ వాళ్ళు సెలూసియా-టెసిఫోన్‌లో బాహాటంగా సభ పెట్టుకోలేకపోయారు, అది కూడా జొరాస్ట్రియన్ రాజు యజ్దగిర్ద్ అనుమతితో.

రాజు వల్లే మతం మారిందంటే, రాజు లేని ఈ సంఘం అపొస్తలుల కాలంలో ఎలా ఉందో అలాగే ఉండాలి కదా? లేదు. వాళ్ళకీ బిషప్పుల మీద బిషప్పులు, పైన పాట్రియార్క్ వచ్చారు. మఠాలు వచ్చాయి, 571లో కష్కర్ అబ్రహాము మఠ నియమాలు రాశాడు. వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ) సమాధుల దగ్గర పండుగలు వచ్చాయి. అంటే ఇవన్నీ సింహాసనం లేకపోయినా పెరిగేవే.

ఒక్క విషయంలో తేడా చూడండి. 480ల్లో ఆ సంఘం తమ బిషప్పులు కూడా పెళ్ళి చేసుకోవచ్చని తీర్మానించింది. తర్వాత 6వ శతాబ్దంలో బిషప్పుల విషయంలో వెనక్కి తగ్గింది. అదే పడమటి సంఘం 1139లో రెండో లాటెరన్ సభ దగ్గర గురువుల పెళ్ళి అసలు చెల్లదనేదాకా వెళ్ళింది. ఒకే విత్తనం, నేలను బట్టి వేరే పంట.

మనకి దగ్గర సంగతి ఒకటి చెప్తాను. 6వ శతాబ్దంలో కాస్మాస్ అనే వ్యాపారి, మిరియాలు పండే మలబారు తీరంలో క్రైస్తవులున్నారని, కల్యాణ అనే చోట పర్షియా నుంచి నియమితుడైన బిషప్ ఉన్నాడని రాశాడు. మన దేశంలోకి మొదట వచ్చిన క్రైస్తవం చక్రవర్తి జెండా కింద రాలేదు. ఓడల్లో, మిరియాల బస్తాల పక్కన వచ్చింది. ఈ సంగతి తెలియకే మనవాళ్ళు చరిత్ర అనగానే రోమ్ పేరొక్కటే పట్టుకుంటారు. నాకది చాలా బాధగా ఉంటుంది.

సంఘంలో_ఒకడు

అందరికీ వందనాలు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, మా ఊరి బాప్టిస్టు సంఘంలో సండే స్కూల్ చెప్తుంటాను. నాకు అర్థమైనంతలో రాస్తాను, తప్పుంటే దిద్దండి.

మీరందరూ ఎందుకు మారింది అని వాదిస్తున్నారు. నా బాధ వేరే. ఎముకలకి ముద్దులు పెట్టడం, సిలువ చెక్కని పూజించడం, ఇవి వాక్యంలో ఎక్కడున్నాయి? వీటిని రాజు పెట్టినా, సన్యాసి పెట్టినా, పర్షియాలో ఉన్నా, రోమ్‌లో ఉన్నా, మొదటి సంఘానివి కావు కదా. మార్పు అనకుండా దారి తప్పడం అని ఎందుకు అనకూడదు?

పాతపుస్తకం

సంఘంలో_ఒకడు గారూ, తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. మీకన్నా ముందు, 406 ప్రాంతంలోనే, గాల్ దేశంలో విజిలాన్షియస్ అనే గురువు ఇదే అడిగాడు: గుడ్డలో చుట్టిన ఈ చిటికెడు దుమ్ముకి ముద్దులేమిటి, పగటిపూట ఈ కొవ్వొత్తులేమిటి అని. జెరోమ్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. కాబట్టి మీ అభ్యంతరం నిన్నా మొన్నటిది కాదు, ఆ పద్ధతి పెరుగుతున్న రోజుల్లోనే పక్కన నిలబడి అడిగినవాళ్ళున్నారు.

అయితే అది పైనుంచి రుద్దిందా అంటే నాకలా కనిపించదు. 380ల్లో ఎగేరియా అనే ఆవిడ పడమటి కొస నుంచి యెరూషలేము యాత్రకి వెళ్ళి, తనవాళ్ళకి ఉత్తరంగా అంతా రాసింది. శుభ శుక్రవారం నాడు బిషప్ బల్ల దగ్గర కూర్చుని సిలువ చెక్కని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాడట. జనం వరుసగా వచ్చి వంగి నుదురు, కళ్ళు ఆనించి ముద్దుపెట్టి వెళ్తారు. చేత్తో ముట్టుకోనివ్వరు. చుట్టూ డీకన్లు (బిషప్ సహాయకులు) కాపలా. ఎందుకంటే ఇంతకుముందు ఎవరో ముద్దు పెడుతున్నట్టే పెట్టి, పళ్ళతో కొరికి ముక్క ఎత్తుకుపోయారట! ఆ కొరికినవాణ్ణి ఏ చక్రవర్తీ పంపలేదు. ఇంటికి ఆ ముక్క తీసుకెళ్ళాలన్న ఆరాటం వాడిదే. అది దారి తప్పడమే అని మీరంటే నేను కాదనను. కానీ ఆ తప్పిన దారిలో ముందు నడిచింది జనమే.

ఇంకో సంగతి. రోమన్ చట్టం ప్రకారం శవాన్ని ఊరి గోడల లోపల పాతిపెట్టకూడదు. చచ్చినవాళ్ళు ఊరి బయటే. 386లో మిలాన్ బిషప్ అంబ్రోజ్, గెర్వాసియస్, ప్రోటాసియస్ అనే వేదసాక్షుల ఎముకలు తవ్వించి, తన సమాధి కోసం అట్టిపెట్టుకున్న చోటే, బలిపీఠం కింద పెట్టించాడు. అప్పటికి ఆ చర్చి ఊరి గోడల బయటే ఉంది. తర్వాత్తర్వాత ఎముకలు ఊళ్ళోకి, చర్చి నడిబొడ్డుకి వచ్చాయి. నాలుగు వందల ఏళ్ళకి, 787లో రెండో నైసియా సభ, ఎముకలు లేకుండా ఏ చర్చినీ ప్రతిష్ఠించకూడదని నియమమే పెట్టింది. బతికున్నవాళ్ళ ఊరు, చనిపోయినవాళ్ళ ఊరు ఒకటైపోయాయి. జూలియన్ చక్రవర్తి, అంటే కాన్‌స్టంటైన్ తమ్ముడి కొడుకు, పాత దేవుళ్ళ వైపు తిరిగినవాడు, "లోకమంతా సమాధులతో నింపేశారు" అని వీళ్ళమీద విసుక్కున్నది అంబ్రోజ్ కన్నా ముందే, ఇలాంటి పద్ధతులు మొదలవడం చూసే.

తూర్పుగాలి గారి పర్షియా మాట నా వాదనకి బలమే. అయితే కృష్ణాతీరం గారికి నేను ఇంకా పూర్తిగా జవాబు చెప్పలేదు. ఒక్కటి అడుగుతాను. 390లో థెస్సలొనీకలో థియోడోసియస్ సైనికులు వేలమందిని చంపారు. అప్పుడు అంబ్రోజ్ ఆయనకి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) నిరాకరించాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి, జనం మధ్యలో పశ్చాత్తాపపడ్డాడు. రాజు సంఘాన్ని మార్చాడు సరే, ప్రాయశ్చిత్తం రాజుని వంచింది కూడా కదండీ.

సమాధులతోట

ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. మాది కథోలిక కుటుంబం. ప్రతి నవంబరు 2న సమాధుల పండుగకి మా అమ్మ ముందు రోజే సమాధికి సున్నం వేయించి, బంతిపూల దండలు, కొవ్వొత్తులు సిద్ధం చేస్తుంది. సాయంత్రం ఫాదర్ గారు వచ్చి వరుసగా అన్ని సమాధుల మీదా తీర్థం చల్లుతారు. మా వీధిలో వేరే సంఘాలవాళ్ళు కూడా వాళ్ళ పెద్దల దగ్గరికి వస్తారు. చిన్నప్పటి నుంచి ఇది అపొస్తలుల కాలం నుంచీ ఉన్న పండుగే అనుకున్నాను. తీరా చదివితే, నవంబరు 2ని చనిపోయిన విశ్వాసులందరి రోజుగా నిలబెట్టింది ఫ్రాన్స్‌లో క్లూనీ మఠాధిపతి ఒడిలో, దాదాపు క్రీ.శ. 1000 - 1030 మధ్య. మా కడియం పూల దండ వెనక ఒక ఫ్రెంచి మఠం ఉందన్నమాట.

కానీ చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన మాత్రం ఒడిలో కనిపెట్టింది కాదు. 200 ప్రాంతంలో, ఆఫ్రికా క్రైస్తవ రచయిత టెర్టులియన్ కాలానికే వర్ధంతి రోజున అర్పణలున్నాయి. 387లో అగస్టీన్ తల్లి మోనికా ఓస్తియా రేవులో చనిపోతూ, నన్ను ఎక్కడ పాతినా ఫరవాలేదు, బలిపీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అంది. మారింది ఏమిటంటే, లెక్క వచ్చింది.

మహా గ్రెగరీ పోప్ (590 - 604) తన మఠంలో జరిగిందని చెప్పిన సంగతి ఇది. జస్టస్ అనే సన్యాసికి వైద్యం తెలుసు. ఆయనే మంచం పట్టినప్పుడు మూడు బంగారు నాణేలు దాచుకున్నట్టు బయటపడింది. మఠంలో సొంత డబ్బు నిషేధం. గ్రెగరీ ఆజ్ఞ ప్రకారం ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు, ఆయన ఒంటరిగా ఏడుస్తూ పోయాడు, పెంటకుప్పలో పాతి ఆ నాణేలు మీద విసిరారు. ఆ తర్వాత గ్రెగరీకే మనసు ఆగలేదు. ముప్ఫై రోజులు వరసగా ఆయన కోసం పూజ పెట్టించాడు. ముప్ఫయ్యో రోజు జస్టస్ తన తోడబుట్టినవాడికి కనబడి, ఇప్పుడు బాగున్నాను అన్నాడట. మా ఇళ్ళల్లో ఇప్పటికీ ముప్ఫై పూజలు చెప్పిస్తామంటే దాని మూలం ఇదే.

762లో అట్టిన్యీలో కూడిన బిషప్పులు, మఠాధిపతులు తమలో ఎవరు చనిపోయినా మిగతావాళ్ళు ఒక్కొక్కరు వంద పూజలు, వంద కీర్తనల గ్రంథాలు పూర్తిచేయించాలని ఒప్పందం రాసుకున్నారు. అన్ని పూజలు చెప్పడానికి సన్యాసులు గురువులవ్వాలి, చర్చిలో ఒక్క బలిపీఠం చాలదు. చర్చి గోడల వెంట చిన్న చిన్న పీఠాలు పుట్టింది ఇలాగే. పాతపుస్తకం గారు పాపానికి లెక్క గురించి చెప్పారు, అదే లెక్క సమాధి అవతలికి కూడా వెళ్ళింది.

నాకు మాత్రం ఇందులో దారి తప్పడం కనిపించదు. గ్రెగరీ ముందు కఠినంగా ఉన్నాడు, తర్వాత కరిగాడు. ఆ కరగడమే నాకు ముఖ్యం.

కృష్ణాతీరం

సమాధులతోట గారూ, మీ మాటల్లో ప్రేమ ఉంది, గౌరవిస్తాను. కానీ లెక్క వచ్చిన చోటికి డబ్బు కూడా వచ్చింది, అది వదిలేయకండి. ఐరిష్ పుస్తకాల్లో ఏడాది ఉపవాసానికి బదులు కొన్ని రోజులు కఠినంగా కీర్తనలు చదివితే చాలన్న మార్పిళ్ళు వచ్చాయి. తర్వాత ఉపవాసానికి బదులు దానం, చివరికి డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత ఉపవాసం చేయించడం దాకా పోయింది. ఉన్నవాడికి ఒక దారి, లేనివాడికి ఒక దారి. ఇది నేనొక్కణ్ణే అంటున్నది కాదు. 813లో చాలోన్‌లోనే మళ్ళీ కూడిన సభ ఆ పుస్తకాల గురించి, వాటిలో తప్పులు ఖాయం, రాసినవాళ్ళెవరో మాత్రం తెలియదు అంది. 829లో పారిస్ సభ వాటిని తగలబెట్టమంది.

779లో షార్లమేన్ దశమ భాగాన్ని చట్టం చేశాడు.  ఆయన ఆస్థాన పండితుడు ఆల్క్విన్ స్వయంగా ఉత్తరాల్లో మొత్తుకున్నాడు: సాక్సన్ల మీద దశమ భాగం ఇంత కఠినంగా రుద్దకుండా ఉంటే వాళ్ళు బాప్తిస్మానికి ఇంతగా ఎదురుతిరిగేవాళ్ళు కాదు, విశ్వాసం మనసుతో రావాలి గాని బలవంతంతో కాదు అని. రాజు పక్కన కూర్చున్నవాడే అన్న మాట ఇది.

థియోడోసియస్ వంగాడన్నారు. నిజమే, ఒప్పుకుంటాను. నాలుగు వందల ఏళ్ళ తర్వాత షార్లమేన్‌కి వెర్డెన్ మీద ప్రాయశ్చిత్తం వేసిన అంబ్రోజ్ ఎవరో చెప్పండి.

పాతపుస్తకం

కృష్ణాతీరం గారూ, ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వెర్డెన్ విషయంలో అంబ్రోజ్ లాంటివాడు కనబడడు. మీ మాట నేను తీసుకుంటున్నాను: మార్పుకి మూలం రాజు దగ్గర లేదని మొదటి పోస్టులో అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

ఒక్క సవరణ మాత్రం. ఊళ్ళకి ఊళ్ళు చేరడం వల్లే బాప్తిస్మం తర్వాత పాపం సమస్య అయిందన్నారు, కానీ పసిపిల్లల బాప్తిస్మం కాన్‌స్టంటైన్‌కి ముందే ఉంది. టెర్టులియన్ 200 ప్రాంతంలో దాన్ని వద్దన్నాడు, వద్దన్నాడంటే అప్పటికే ఇస్తున్నారనేగా. 250ల్లో కార్తేజ్‌లో బిషప్ సిప్రియన్ పెట్టిన సభ, పుట్టిన ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదంది. అగస్టీన్ ఆది పాపం గురించి రాశాక ఆ ఆచారం మామూలైపోయింది.

సంఘంలో_ఒకడు

పాతపుస్తకం గారు ఫబియోలా గురించి రాసింది రెండు మూడుసార్లు చదివాను. పాపం ఒప్పుకోవడానికి నిలబడ్డ మనిషిని చూసి బిషప్, పెద్దలు, జనం అందరూ ఏడ్చారన్నారు. మీరు దాన్ని మోయలేని భారంగా చెప్పారు. నాకది సంఘం అంటే ఎలా ఉండాలో అలా కనబడింది. ఒక అవయవం బాధపడితే అన్ని అవయవాలూ బాధపడతాయని పౌలు రాశాడు కదా. మీ ఐరిష్ పద్ధతి వచ్చాక ఏమైంది? పాపం ఇద్దరు మనుషుల మధ్య గుసగుస అయిపోయింది. పుస్తకం తెరిచి శిక్ష చూడటం, అంతే. మిగతా సంఘానికి వాడి కన్నీళ్ళతో పనే లేకుండా పోయింది. ఎముకలు, పూజలు అన్నీ అలా ఉంచండి. నాకు పోయింది అనిపించేది అదొక్కటే.

సమాధులతోట

అన్నా, మీరు చెప్పింది మనసుకి తగిలింది. కానీ ఫబియోలా ఎవరు? రోమ్‌లో ఫాబియస్ వంశపు ఆడపడుచు. ఆస్తి ఉంది, పేరు ఉంది. అందరి ముందు గోనెపట్ట కట్టుకుని నిలబడ్డా మర్నాడు ఆమెని ఎవరూ వీధిలో ఆపి మాట అనలేరు. ఆ తర్వాత తన డబ్బుతో రోమ్‌లో రోగుల కోసం ఆసుపత్రి పెట్టి, ఇంకెవరూ చూడలేని పుళ్ళని తన చేత్తో కడిగింది. గొప్ప మనిషి, దణ్ణం పెడతాను. కానీ ఒక మామూలు ఇంటి ఆడపిల్ల అలా నిలబడితే? భర్త ఇంట్లోకి రానిస్తాడా? ఊరు ఊరుకుంటుందా?

459లో పోప్ లియో ఇటలీలోని కాంపానియా చుట్టుపక్కల బిషప్పులకి ఒక ఉత్తరం రాశాడు. అక్కడ కొందరు, పశ్చాత్తాపపడేవాళ్ళ చేత పాపాలు కాగితం మీద రాయించి సంఘం ముందు చదివిస్తున్నారట. వెంటనే ఆపండి అన్నాడు. సిగ్గుతో కొందరు, తమ పనులు శత్రువుల చెవిన పడి చట్టం మీదకొస్తుందన్న భయంతో కొందరు ఆ మందుకే దూరమవుతారు, గురువుకి రహస్యంగా చెప్తే చాలు అన్నాడు. అప్పటికి కొలంబానస్ ఇంకా పుట్టలేదు. రాజూ కాదు, ఐర్లండూ కాదు, సిగ్గుపడే మామూలు మనుషుల కోసం ఆ తలుపు మొదట అక్కడ తెరుచుకుంది. 1215లో నాలుగో లాటెరన్ సభ అందరూ ఏడాదికొకసారి పాపసంకీర్తనం చేయాలని చెప్తూనే, విన్నది బయటపెట్టిన గురువుని పదవిలోంచి తీసేసి జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని అదే నియమంలో రాసింది. ఆ రెండో ముక్క లేకపోతే మొదటి ముక్కని ఏ ఆడమనిషీ నమ్మేది కాదు.

పాతపుస్తకం

లియో ఉత్తరం నాకు తెలుసు, కానీ ఇలా చూడలేదు. ఐర్లండ్ నుంచి వచ్చిందని నేను అంత గట్టిగా చెప్పిన దానికి ఇటలీలో అంతకు ముందే చోటు ఉందన్నమాట. రెంటికీ తేడా మాత్రం వదలకండి: లియో రహస్యం ఇచ్చాడు గానీ రెండో అవకాశం ఇవ్వలేదు. మళ్ళీ మళ్ళీ రావచ్చన్నది ఐరిష్ సన్యాసులే. టొలేడోకి కోపం తెప్పించింది కూడా రహస్యం కాదు, ఆ "మళ్ళీ" అన్న మాటే.

సంఘంలో_ఒకడు

సమాధులతోట చెల్లెమ్మా, నీ జవాబు చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. మాకు నెలలో మొదటి ఆదివారం బల్లారాధన. ఎవరి మీదైనా సాక్ష్యం చెడిందని తెలిస్తే పెద్దలు కూర్చుని బల్లకి దూరం పెడతారు, తర్వాత అందరి ముందూ ఒప్పుకుంటే చేర్చుకుంటారు. ఇదే మొదటి సంఘం పద్ధతి అని సండే స్కూల్లో గర్వంగా చెప్పేవాణ్ణి.

మా సంఘంలో ఒక అక్క ఏడెనిమిది నెలలుగా వెనక బెంచీలో కూర్చుంటోంది. పెద్దలు ఆమెని ఏమీ అనలేదు, తనే బల్ల తీసుకోవట్లేదు. పళ్ళెం వచ్చేసరికి తల వంచుకుని పక్కవాళ్ళకి అందిస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. ఈ ఆదివారం కూడిక అయ్యాక పాస్టరమ్మ గారితో చెప్పి, ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళి పలకరించమని అడుగుతాను.